కర్రపెండలం పుట్టింటి కబురు

(కాకినాడలో హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థులు, చుట్టుపక్కల రైతులు కూర్చున్న సభలో ఒక వంట టీచరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినబడుతోందా? సరే.

ముందు ఒక చిన్న ప్రశ్న. ఈ నెలలో సగ్గుబియ్యం పాయసమో, సగ్గుబియ్యం వడియాలో తిన్నవాళ్ళు చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ. మరి సగ్గుబియ్యం దేంతో చేస్తారు? ముందు వరసలో పెద్దాయన నవ్వుతున్నారు. ఆయనకి తెలుసు, పెద్దాపురం దగ్గర రెండెకరాల్లో వేస్తున్నారట. కర్రపెండలం. మనం దుంపలు ఉడకబెట్టుకుని ఉప్పు చల్లుకుని తింటాం. మిగతా పంటంతా సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లులకి పోతుంది. అక్కడ పాలు తీసి, ఆరబెట్టి, పూసలు కట్టి పంపిస్తారు. ఇదంతా మీకు తెలిసిందే.

అయితే ఈ కర్రపెండలం ఎవరింటి పిల్ల? దాని పుట్టిల్లు ఎక్కడ?

బ్రెజిల్. అమెజాన్ అడవికి దక్షిణపు అంచున, వేల ఏళ్ళ కిందట, అక్కడి ఆదివాసులు ఒక అడవి మొక్కను మచ్చిక చేసి పంటగా మార్చారు. ఈ పిండిని ఇంగ్లీషులో టాపియోకా అంటాం కదా, ఆ మాట కూడా వాళ్ళదే, తుపి భాషది. జీడిమామిడి కూడా ఆ దేశం చెట్టే. తుపి వాళ్ళు దాన్ని అకాజు అన్నారు, పోర్చుగీసు వాళ్ళు కాజు అన్నారు, ఆ మాటే ఓడెక్కి మన దేశానికి వచ్చింది. మీరు స్వీటు షాపులో కాజూ బర్ఫీ అడిగినప్పుడల్లా ఒక తుపి మాట పలుకుతున్నారు. అనాస కూడా అంతే. ఆ పేరు కూడా ఆ అడవుల వైపు నుంచే వచ్చింది.

కాబట్టి ఇవాళ బ్రెజిల్ వంట గురించి మాట్లాడతానంటే, ఎక్కడో ఉన్న దేశం మనకెందుకు అనుకోకండి. మన ఇంటికి కోడలిగా వచ్చి వందల ఏళ్ళు కాపురం చేసిన పంటల పుట్టింటి కబురు చెబుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇంత సంపద ఉన్న దేశంలో, నలభై యాభై ఏళ్ళ కిందట పెద్ద హోటళ్ళలో ఏం వండేవారు? ఫ్రెంచి వంట. ఇటలీ వంట. కర్రపెండలం అంటే పేదవాళ్ళ తిండి, పల్లెటూరి తిండి. పెద్ద హోటలు మెనూలో దానికి చోటు లేదు. మన దగ్గర పెళ్ళి భోజనాల్లో రాగి సంగటి పెట్టడానికి మొన్నమొన్నటి దాకా సిగ్గుపడలేదూ? సరిగ్గా అలాగే.

చిత్రమేమిటంటే, ఆ సిగ్గును ముందుగా కదిలించిన వాళ్ళలో ఇద్దరు ఫ్రెంచి వాళ్ళు ఉన్నారు. క్లోద్ త్రువాగ్రో, లోరాన్ సుఓదో. 1979, 1980 ప్రాంతంలో రియో నగరంలోని హోటళ్ళలో ఫ్రెంచి వంట వండడానికి వచ్చారు. వాళ్ళకి కావలసిన సరుకు అక్కడ దొరకలేదు. బజారుకి వెళ్ళి అక్కడి పళ్ళు, అక్కడి దుంపలు తెచ్చి తమ పద్ధతిలో వండారు. అతిథులు ఆశ్చర్యపోయారు. మన పండు ఇంత బాగుంటుందా అని. మన పండు రుచి బయటివాడు చెబితే గానీ మనకి తెలియకపోవడం... ఇది బ్రెజిల్‌కే పరిమితమైన జబ్బు కాదమ్మా. మీరూ ఆలోచించండి.

కానీ నేను ఇవాళ ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది వాళ్ళ గురించి కాదు. బెలెమ్ గురించి. బెలెమ్ ఊరు అమెజాన్ నది సముద్రంలో కలిసే ప్రాంతంలో ఉంది. పరా అనే రాష్ట్రానికి రాజధాని. అక్కడ పౌలో మార్టిన్స్ అని ఒకాయన ఉండేవారు. చదివింది ఆర్కిటెక్చర్. 1972లో తల్లితో కలిసి ఒక భోజనశాల పెట్టారు. దాని పేరు లా ఎమ్ కాజా. అంటే ‘మా ఇంట్లో’ అని. పేరులోనే ఉంది చూడండి. వాళ్ళమ్మ వండే పరా వంటను, ఆ ఊరి వంటను, బల్ల మీద గౌరవంగా పెట్టారు. 2000లో ఒక వంటల పండగ మొదలుపెట్టి, బయటి ఊళ్ళ చెఫ్‌లను బెలెమ్ పిలిపించి, బజారంతా దగ్గరుండి తిప్పి చూపించారు. ఇదిగో ఈ ఆకు, ఇదిగో ఈ చేప, ఇదిగో ఈ రసం, రుచి చూడండి అని. ఆయన 2010లో పోయారు. ప్రపంచానికి తెలిసిన పేర్లు తర్వాత వేరేవి వచ్చాయి. కానీ తలుపు తీసింది ఆయన. నా దృష్టిలో ఈ కథకి పెద్దకొడుకు ఆయనే. 2015లో యునెస్కో బెలెమ్‌ను వంటల నగరంగా గుర్తించిందంటే దాని వెనక ఆయన కష్టం చాలా ఉంది.

నేను 2018లో బెలెమ్ వెళ్ళాను. వెర్-ఓ-పేజో అని నది ఒడ్డున పెద్ద బజారు. ‘తూకం చూడు’ అని ఆ పేరుకి అర్థం. పాతకాలంలో అక్కడే సరుకు తూచి పన్ను వేసేవారు. ఆ బజారులో నన్ను ఆపేసింది ఏమిటో తెలుసా? వరసగా ప్లాస్టిక్ సీసాలు, వాటిలో పసుపుపచ్చ ద్రవం. పసుపు నీళ్ళేమో అనుకున్నాను. దాని పేరు తుకుపీ. అది కర్రపెండలం రసం.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే ఈ ఒక్క రసంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఉంది.

కర్రపెండలంలో తీపి రకం ఉంది, చేదు రకం ఉంది. మనం ఉడకబెట్టి తినేది తీపి రకం. అమెజాన్ వాళ్ళు ఎక్కువగా పండించేది చేదు రకం. దాంట్లో సైనైడ్ పుట్టించే పదార్థం ఎక్కువగా ఉంటుంది. పచ్చిగా తింటే ప్రాణం పోతుంది. మరి అలాంటి గడ్డను ఎందుకు పండిస్తారు? పురుగు పట్టదు, జంతువులు తినవు, భూమిలో చాలాకాలం నిలవ ఉంటుంది. విషమే దానికి కాపలా. ఆ కాపలాని దాటి లోపలికి వెళ్ళే దారిని అక్కడి ఆడవాళ్ళు కనిపెట్టారు.

ఎలా? గడ్డకి చెక్కు తీసి తురుముతారు. విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. తురమడం అంటే ముక్కలు చేయడం మాత్రమే అనుకుంటాం. కాదు. ఆ గడ్డలో విషపు సరుకు ఒక గదిలో, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకో గదిలో ఉంటాయి. తురిమితే గోడలు పగిలి రెండూ కలుస్తాయి. సైనైడ్ విడుదలవుతుంది, గాలిలో కలిసిపోవడం మొదలవుతుంది. తర్వాత ఆ తురుమును టిపిటి అనే అల్లిన గొట్టంలో కూరుతారు. మనిషి ఎత్తు ఉంటుంది. పైకొస వేలాడదీసి, కింది కొసకి కర్ర దూర్చి బరువు వేసి లాగితే గొట్టం సాగి సన్నబడుతుంది, లోపలి తురుమును పిండేస్తుంది. రసం కిందికి కారుతుంది. గొట్టంలో మిగిలిన తురుమును పెద్ద పెనం మీద వేయిస్తే ఫరీన్యా, అంటే కరకరలాడే రవ్వ. అది లేకుండా వాళ్ళకి ముద్ద దిగదు.

ఇక రసం. దాన్ని కదపకుండా ఉంచితే అడుగున తెల్లగా పిండి పేరుకుంటుంది. అదే మన మిల్లులో తొట్టి అడుగున పేరుకునే పిండి. పెద్దాయన తల ఊపుతున్నారు. పైన తేరిన పసుపు నీళ్ళను మనం ఏం చేస్తాం? పారబోస్తాం. వాళ్ళు పారబోయరు. దాన్ని పులియనిచ్చి, గంటల తరబడి మరిగిస్తారు. విషం పోతుంది, పులుపు మిగులుతుంది. వెల్లుల్లి, ఆకులు వేసి కాస్తారు. అదే తుకుపీ. చింతపండు పులుపు కాదు, నిమ్మ పులుపు కాదు, పెరుగు పులుపు కాదు. పులుపుతో పాటు ఒక లోతైన ఉప్పదనం, కొంచెం తీపి. నాలుగు రోజులు తిన్నాక నాకు మన చారు మీద బెంగ కూడా తగ్గింది.

సాయంత్రం అయ్యేసరికి వీధి చివర బండ్ల దగ్గర తకకా అమ్ముతారు. కాయ బుర్రలో వేడివేడి తుకుపీ, దాంట్లో జిగురుగా ఉడికిన కర్రపెండలం పిండి, పైన ఎండు రొయ్యలు. కాకినాడ వాళ్ళకి ఎండు రొయ్యల గురించి నేను చెప్పాలా? వాటితో పాటు జంబూ అనే ఆకు. ఆ ఆకు నమిలితే నాలుక, పెదవులు తిమ్మిరెక్కుతాయి. మొదటిసారి తిన్నప్పుడు ఏదో అయిపోయిందని నాకు టెన్షన్ వచ్చింది. బండి దగ్గరున్న అమ్మ నా భుజం తట్టి, తాగు తాగు అని సైగ చేసింది. ఆ తిమ్మిరి మీద పులుపు వచ్చి తగిలితే రుచి రెండింతలవుతుంది. చెమటలు కారే వేడిలో, వాన వెలిసిన వీధిలో నిలబడి, వేడి పులుసు తాగుతారు వాళ్ళు. ఆ బుర్ర పట్టుకుని నిలబడ్డ ఆ సాయంత్రం నేను ఎప్పటికీ మరిచిపోలేను.

ఆ చేదు రకం ఆకులు కూడా వదలరు. దంచి, ఏడు రోజుల పాటు ఉడికించి మనిసోబా చేస్తారు. ఏడు రోజులు! ఎందుకన్ని రోజులో మీకు ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

ఇప్పుడు బ్రెజిల్‌లోనే ఇంకో పెద్ద నగరం, సావో పాలో వెళ్దాం. అక్కడ అలెక్స్ అటాలా అని ఒక చెఫ్. మీలో కొంతమంది ఈయన వీడియోలు చూసే ఉంటారు. కుర్రతనంలో యూరప్ వెళ్ళి, గోడలకు రంగులేసి, వీసా కోసం బెల్జియంలో వంట స్కూల్లో చేరిన మనిషి. తిరిగొచ్చి 1999లో సావో పాలోలో డి.ఓ.ఎమ్. అనే రెస్టారెంటు పెట్టాడు. ఆయన ఆలోచన చాలా సూటిగా ఉంది. ఫ్రెంచి వంట ఫ్రెంచివాడి కంటే బాగా నేను వండలేను, చిన్నప్పటి నుంచి తిన్నవాడి నాలుక నాకు లేదు. మరి నేను చిన్నప్పటి నుంచి తిన్నదేమిటి? అక్కడి నుంచి మొదలుపెట్టాడు. 2012లో ప్రపంచంలోని 50 మేటి రెస్టారెంట్ల జాబితాలో అది నాలుగో స్థానానికి వచ్చింది. 2015లో బ్రెజిల్‌కి మొదటిసారి, హోటళ్ళకి నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ వచ్చినప్పుడు రెండు నక్షత్రాలు ఇచ్చారు.

ఆయన చేసిన వాటిలో మూడు చెబుతాను. ఒకటి, తాటిజాతి చెట్ల మొవ్వు. జుసారా అనే చెట్టుకి ఒకటే కాండం. మొవ్వు కోస్తే చెట్టు చచ్చిపోతుంది. దొంగచాటుగా కొట్టి కొట్టి ఆ చెట్టు అడవిలో అరుదైపోయింది. పుపూన్యా అనే ఇంకో జాతికి పిలకలొస్తాయి, మన అరటిలాగా. ఒకటి కోస్తే ఇంకొకటి లేస్తుంది. అటాలా ఆ పుపూన్యా మొవ్వును సన్నగా రిబ్బన్లలా కోసి, ఇటలీ పాస్తాలాగా వడ్డించాడు. తిన్నవాళ్ళు గోధుమ పిండి అనుకున్నారు. చూడడానికి గమ్మత్తు, లోపల మాత్రం ఒక చెట్టును కాపాడే ఆలోచన.

రెండోది ప్రిప్రియోకా. ఇది తుంగ జాతి గడ్డి. అవును, మన పొలాల్లో పీకి పారేసే తుంగే, దానికి దగ్గరి చుట్టం. మన ఆయుర్వేదం దుకాణాల్లో తుంగముస్తలు అమ్ముతారు కదా, ఆ దుంపల వాసన గుర్తుచేసుకోండి. పరాలో ప్రిప్రియోకా వేరును స్నానపు సుగంధాలకి, అత్తర్లకి వాడతారు. అటాలా దాన్ని తీపి వంటకాల్లోకి తెచ్చాడు, మనం ఏలకులు వేసినట్టు. ఒంటికి పూసుకునే వాసనను నోట్లోకి తేవచ్చని ఆయనకి తట్టింది. అదే వంటవాడి చూపు.

మూడోది చీమ. ముఖాలు చిట్లించకండి. బస్తర్‌లో ఎర్ర చీమల పచ్చడి ఉంది, ఒడిశా మయూర్‌భంజ్ చీమల చట్నీకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు, కూడా వచ్చింది. అటాలా అమెజాన్ ఎగువన, రియో నీగ్రో నది ఒడ్డున, సావో గబ్రియెల్ అనే ఊరికి వెళ్ళాడు. అక్కడ దోనా బ్రాజీ అనే బరే తెగ పెద్దావిడ వంట తిన్నాడు. పులుసులో నిమ్మగడ్డి, అల్లం లాంటి వాసన. ఇందులో ఏ ఆకు వేశావమ్మా అని అడిగాడు. చీమలు అంది. కాదమ్మా, ఆకు ఏమిటి అని మళ్ళీ అడిగాడు. చీమలే అంది. తర్వాత ఆయన ఆవిడకి నిమ్మగడ్డి, అల్లం తెచ్చి ఇస్తే రుచి చూసి, ఇవి చీమల్లాగా ఉన్నాయే అందట. నాకు ఈ కథలో చీమ కంటే ఈ జవాబు ముఖ్యం. ఎవరి నాలుకకి ఏది మొదలో, అదే కొలబద్ద. ఆయన తర్వాత అనాస ముక్క మీద ఒక చీమను పెట్టి వడ్డించాడు. ప్రపంచమంతా ఆ ప్లేటు ఫోటో చూసింది. నేను మాత్రం ప్లేటు చూసినప్పుడల్లా దోనా బ్రాజీ గురించే ఆలోచిస్తాను.

ఇక్కడ ఆ అమ్మాయి చెయ్యెత్తింది. అడుగమ్మా. ‘ఇదంతా డబ్బున్నవాళ్ళకేనా మేడమ్?’ మంచి ప్రశ్న. కాదు. సావో పాలో ఉత్తరాన, ఊరి చివర, మోకోతో అని ఒక హోటలు ఉంది. ఈశాన్య బ్రెజిల్ కరువు ప్రాంతం నుంచి వలస వచ్చిన ఒకాయన పెట్టారు, కొడుకు రొడ్రిగో ఒలివేరా దాన్ని పెద్దది చేశాడు. అక్కడ జనం బారులు తీరేది ఒక చిన్న చిరుతిండి కోసం. టాపియోకా రవ్వ, వేడి పాలు, తురిమిన ఆ ప్రాంతపు చీజ్ కలిపి, పళ్ళెంలో గట్టిపడనిచ్చి, పాచికల్లా ముక్కలు కోసి, నూనెలో వేయిస్తారు. తియ్యకారం సాసుతో ఇస్తారు. పైన కరకర, లోపల సాగుతుంది. మన సగ్గుబియ్యం వడకి పుట్టింటి చెల్లెలు. ఇప్పుడు బ్రెజిల్‌లో ఎన్నో హోటళ్ళు అది చేస్తున్నాయి. ఇంకొకటి, బడి భోజనం. అక్కడ బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న రైతు కుటుంబాల దగ్గరే కొనాలని 2009లో చట్టం చేశారు, ఆ వాటాను తర్వాత ఇంకా పెంచారు. ఊరి పంట ఊరి పిల్లల కంచంలోకి రావడానికి అదొక దారి.

మీరు అడిగిన ప్రశ్నకి ఇంకో వైపు కూడా ఉంది. అసాయి అని ఒక నల్లటి పండు. బెలెమ్‌లో దాన్ని చిక్కటి గుజ్జు చేసి, పంచదార లేకుండా, వేయించిన చేపతో, ఫరీన్యాతో అన్నంలా తింటారు. అది పేదవాడి పూట భోజనం. బయటి దేశాల వాళ్ళకి అది ఆరోగ్యపు ఫ్యాషన్ అయింది, అరటిపండు వేసి తియ్యగా తింటున్నారు. గిరాకీ పెరిగింది, ధర పెరిగింది, తరతరాలుగా తిన్నవాడికే భారమైంది. దీన్ని పొగడ్తల మధ్య దాచకూడదు.

కుపువాసు సంగతి కూడా వినండి. కోకోకి చుట్టమైన పండు, అమెజాన్‌లో ప్రతి పిల్లవాడికీ తెలిసిన పండు. ఒక జపాన్ కంపెనీ ఆ పండు పేరునే ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుంది. బ్రెజిల్ వాళ్ళు కుపువాసు మాది అని ఉద్యమం చేస్తే 2004లో జపాన్‌లో అది రద్దయింది. మన పసుపు మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇస్తే, మనవాళ్ళు పోరాడి 1997లో రద్దు చేయించారు, గుర్తుందా? పసుపు గురించి ఎంత మండిపడ్డామో, వాళ్ళు ఆ పండు గురించి అంత మండిపడ్డారు.

మరి సరిగ్గా జరిగిన చోట ఎలా జరిగింది? బనీవా అనే ఆదివాసీ తెగ ఆడవాళ్ళ మిరపకారం చూడండి. రియో నీగ్రో ఎగువన ఇసానా నది ఒడ్డున, వాళ్ళ పెరళ్ళలో డజన్ల కొద్దీ మిరప రకాలు ఉన్నాయి. రకరకాలు కలిపి ఎండబెట్టి, ఉప్పుతో దంచి, జికితాయా అనే కారం చేస్తారు. ఇప్పుడు అది చిన్న సీసాల్లో సావో పాలో వంటగదుల దాకా వస్తోంది, బనీవా పేరుతోనే వస్తోంది. దంచడానికి, సీసాల్లో నింపడానికి వాళ్ళ ఊళ్ళలోనే మిరప ఇళ్ళు కట్టుకున్నారు.

పిరరుకు చేప కూడా అంతే. రెండు మీటర్లు దాటి పెరిగే పెద్ద చేప, విపరీతంగా పట్టి దాదాపు లేకుండా చేశారు. అది గాలి పీల్చడానికి నీటి పైకి వస్తుంది. మామిరావా అనే రక్షిత ప్రాంతంలో 1999 నుంచి జాలర్లే పడవల్లో కూర్చుని, పైకొచ్చిన చేపలను కళ్ళతో లెక్కపెడతారు. పెద్ద చేపల్లో 30 శాతం మించకుండా పట్టుకోవడానికి అనుమతి ఇస్తారు. చేపలు మళ్ళీ పెరిగాయి. ఇవాళ పెద్ద హోటల్లో ఆ చేప ముక్క పళ్ళెంలో కనబడుతోందంటే, పడవలో కూర్చుని లెక్కపెట్టిన కళ్ళే కారణం.

రియో నీగ్రో ఆడవాళ్ళ గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. వాళ్ళ పొలాల్లో వందకి పైగా కర్రపెండలం రకాలు ఉన్నాయి. 2010లో బ్రెజిల్ ప్రభుత్వం ఆ సేద్యాన్నే దేశ సాంస్కృతిక సంపదగా నమోదు చేసింది. అన్ని రకాలు ఎలా నిలిచాయి? అక్కడ ఆడపిల్ల పెళ్ళయి వేరే ఊరు వెళ్ళేటప్పుడు పుట్టింటి నుంచి కర్రపెండలం కర్రలు తీసుకెళ్తుంది. అత్తగారూ తన పొలంలోని కర్రలు ఇస్తుంది. రెండిళ్ళ రకాలు ఒక పొలంలో పడతాయి. మనం పసుపు కుంకుమలతో చీర పెడతాం, వాళ్ళు పంట పెడతారు.

ఏమిటి నాన్నా, వెనక వరసలో? ‘మన కర్రపెండలంతో తుకుపీ చేయొచ్చా?’ వద్దు. దయచేసి వీడియో చూసి ప్రయత్నించొద్దు. ఏ గడ్డలో ఎంత విషముందో, ఎంతసేపు మరిగితే పోతుందో తల్లి దగ్గర నేర్చుకున్న చేతులు అవి. మనకి ఆ చదువు లేదు. కానీ ఒకటి చేయొచ్చు, దాని కోసమే పొయ్యి తెప్పించాను. మిల్లు నుంచి తెచ్చిన కర్రపెండలం పిండి ఇది. నీళ్ళు చిలకరించి, చేత్తో నలిపి, జల్లెడ పట్టాలి. ముద్ద కాకూడదు, పొడి తడిగా ఉండాలి, ఉప్పుడు పిండికి తడిపినట్టు. వేడి పెనం మీద, నూనె లేకుండా, పల్చగా పరిస్తే ఆ పొడి తనంతట తానే అతుక్కుని అట్టు అవుతుంది. మధ్యలో కొబ్బరి తురుము వేసి మడవడమే. ఇదే వాళ్ళ టాపియోకా. ఇద్దరు ముందుకి రండమ్మా. ఆ జల్లెడ ఇలా అందుకో. పెద్దాయన్ని ఈ కుర్చీలోకి పిలవండి, మొదటి అట్టు ఆయనకే.